మార్చిన మోకాలు మళ్లీ వాచిందా? ఏ పరీక్ష ముందు, ఏది తరువాత, రిపోర్టు ఎలా చదవాలి

మా పెద్దమ్మకు కుడి మోకాలు మార్చి రెండేళ్లు దాటింది. ఏడాదిన్నర పాటు హాయిగా తిరిగింది, గుడి మెట్లు కూడా ఎక్కింది. ఒకరోజు ఫోను చేసి, "నాయనా, మోకాలి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది. రాత్రిళ్లు సలుపుతోంది. మందుల షాపు అబ్బాయి ఐదు రోజులకు బిళ్లలు ఇచ్చాడు, వేసుకున్నాక కాస్త తగ్గినట్టే ఉంది" అంది. నేను ల్యాబులో పనిచేస్తాను. కీళ్లలోంచి తీసిన నీరు పరీక్షకు నా బల్ల మీదికే వస్తుంది. ఆమె చెప్పిన వాటిలో అన్నిటికన్నా ఆ ఐదు రోజుల బిళ్లలే నన్ను ఎక్కువ కంగారు పెట్టాయి.

కృత్రిమ కీలు చుట్టూ ఇన్ఫెక్షన్ ఉందో లేదో ఒక్క దెబ్బతో తేల్చే పరీక్ష ఇంతవరకు లేదు. రక్తంలో కొన్ని, కీలు నీటిలో కొన్ని గుర్తులు వెతికి, అన్నీ కలిపి చదవాలి. ఈ గుర్తులనే బయోమార్కర్లు అంటారు. వాటిని వెతకడానికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే మంచి ల్యాబు, మంచి డాక్టరు ఉన్నా జవాబు దొరకదు. ఫైలు పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఇంటివాళ్ల కోసం, ఇక్కడి అమ్మానాన్నల రిపోర్టులను వాట్సాప్‌లో తెప్పించుకుని అక్కడి నుంచి చదివే కొడుకులు, కూతుళ్ల కోసం ఇది రాస్తున్నాను. వైద్యం ఏమిటన్నది సర్జన్ తేల్చాలి. ఆయనను సరైన ప్రశ్న అడగడం మాత్రం మన చేతిలో పనే.

మొదటి పని: నీరు తీయకముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి

లోహం మీద చేరిన సూక్ష్మజీవులు ఊరికే తేలుతూ ఉండవు. నీళ్ల తొట్టి గోడకు పాచి పట్టినట్టు, ఒక జిగురు పొర అల్లుకుని దాని కింద దాక్కుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. నోటి ద్వారా వేసుకున్న బిళ్ల నీటిలో తేలే క్రిములను చంపుతుంది, పొర కింద ఉన్నవాటిని పెద్దగా కదపలేదు. దాంతో నొప్పి, వాపు కొంత తగ్గుతాయి, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. ఆ సమయంలో తీసిన నీటిలో కణాల లెక్క తగ్గి కనిపిస్తుంది, కల్చర్‌లో, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షలో, ఏమీ మొలవదు. ఒంట్లో మంట రేగితే రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే ప్రొటీన్ కూడా దిగుతుంది. రోగికి ఉపశమనం, పరీక్షకు అంధకారం.

ఇప్పటికే వేసుకున్నారా? దాచకండి. మందు పేరు, ఎన్ని రోజులు, చివరి బిళ్ల ఏ తేదీన వేసుకున్నారన్నది రాసి సర్జన్‌కు చూపండి. రోగి నిలకడగా ఉంటే, మందు ఆపి కనీసం 2 వారాలు ఆగి నీరు తీయడం అంతర్జాతీయ మార్గదర్శకాలలో ఉన్న పద్ధతే. ఆపాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం మీరు సొంతంగా తీసుకోకండి.

ఒక మినహాయింపు. చలితో వణుకుతూ జ్వరం వచ్చినా, బీపీ పడిపోయినా, మాట తడబడి మనిషి మగతగా ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ ప్రాణం ముందు, పరీక్ష తరువాత.

రెండో పని: ఒక కాగితం మీద తేదీలు

ఆపరేషన్ తేదీ, నొప్పి మొదలైన తేదీ. ఆపరేషన్ తరువాత కుట్ల దగ్గర చాలా రోజులు నీరు కారిందా? ఈ మధ్య పంటి చీము, మూత్రంలో మంట, షుగర్ వల్ల కాలి పుండు లాంటివి వచ్చాయా? రక్తం ద్వారా క్రిములు కీలుకు చేరే దారులు ఇవే. డిశ్చార్జ్ కాగితం మీద ఇంప్లాంట్ (లోపల అమర్చిన కృత్రిమ కీలు) స్టిక్కర్లు అంటించి ఉంటాయి. చాలామంది ఆ కాగితాన్ని అటక మీద పడేస్తారు. వెతికి తీయండి, పాత ఎక్స్‌రేలతో సహా.

తేదీల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రిపోర్టులోని అంకెకు అర్థం చెప్పేది తేదీయే. ఆపరేషన్ అయిన 10వ రోజున సీఆర్‌పీ 60 ఉంటే అది కోత వల్ల కావచ్చు. రెండేళ్ల తరువాత అదే 60 కనిపిస్తే కారణం వెతకాల్సిందే. వైద్యం కూడా తేదీ మీదే ఆధారపడుతుంది. ఆపరేషన్ అయిన నెల లోపల, లేదా లక్షణాలు మొదలై 3 వారాలు దాటకముందే పట్టుకుంటే, ఇంప్లాంట్‌ను ఉంచి, లోపల కడిగి, మధ్యలోని ప్లాస్టిక్ ముక్కను మార్చి కాపాడే అవకాశం ఉంటుంది. పొర ముదిరాక లోహం మొత్తం తీయక తప్పదు.

చర్మం మీద రంధ్రం పడి, అది కీలు దాకా వెళ్లి, చీమో నీరో కారుతూ ఉంటే బయోమార్కర్ల అవసరమే లేదు. అదొక్కటే ఇన్ఫెక్షన్‌కు పూర్తి రుజువు. ఆ రంధ్రంలో దూది పుల్ల పెట్టి తీసిన స్వాబ్ కల్చర్‌ను మాత్రం నమ్మకండి. అందులో మొలిచేది ఎక్కువగా చర్మం మీద కాపురం ఉండే క్రిములే.

మూడో పని: రక్త పరీక్ష, ముఖ్యంగా దాని కొలమానం

మొదట చేయించాల్సినవి రెండే: సీఆర్‌పీ, ఈఎస్ఆర్ (గొట్టంలో ఎర్ర కణాలు గంటలో ఎంత కిందికి దిగాయో కొలిచే పరీక్ష). రెండూ పాత కాపులే. సీఆర్‌పీని 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు. ఈఎస్ఆర్ అంతకన్నా పాతది. ఇన్నేళ్లయినా ఇన్ఫెక్షన్ వేటలో మొదటి గడప ఇవే, ఎందుకంటే చవక, ఎక్కడైనా దొరుకుతాయి.

సీఆర్‌పీని కాలేయం తయారుచేస్తుంది. ఒంట్లో ఎక్కడైనా మంట రేగితే 6 గంటల్లో పెరగడం మొదలై, రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. కారణం పోతే రోజుకు సగానికి పైగా దిగుతూ వస్తుంది. మోకాలి ఆపరేషన్ తరువాత 2వ, 3వ రోజున బాగా పెరిగి, మామూలు స్థితికి రావడానికి సుమారు 3 నుంచి 6 వారాలు పడుతుంది. ఈఎస్ఆర్ బద్ధకస్తురాలు, నెలల తరబడి దిగదు. అందువల్ల ఆపరేషన్ కొత్తలో ఈఎస్ఆర్ చూసి కంగారుపడకండి. సీఆర్‌పీ దిగుతూ దిగుతూ మళ్లీ ఎక్కడం మొదలుపెడితే మాత్రం వెంటనే సర్జన్‌ను కలవండి. ఒక్క అంకె కన్నా నాలుగు తేదీల అంకెలు వరుసగా రాసుకుంటే ఎక్కువ తెలుస్తుంది.

ఆపరేషన్ పాతబడ్డాక వచ్చిన నొప్పికి పరిమితులు ఇవి: సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ, ఈఎస్ఆర్ గంటకు 30 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ. ఆపరేషన్ జరిగిన తొలి వారాలలో అయితే సీఆర్‌పీ పరిమితిని 100గా తీసుకుంటారు, ఈఎస్ఆర్‌ను లెక్కలోకే తీసుకోరు.

అసలు గొడవ కొలమానంలో ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అచ్చువేస్తాయి, కొన్ని డెసిలీటరుకు. డెసిలీటరుకు 1.4 అంటే లీటరుకు 14. మా పెద్దమ్మ రిపోర్టులో 1.4 అని ఉంది. దాన్ని అమెరికాలో ఉన్న కొడుకు చూసి, "అమ్మా, పది లోపలే ఉంది, ఏమీ లేదు" అని ధైర్యం చెప్పాడు. వాడి తప్పేమీ లేదు, అంకె పక్కన ఉన్న చిన్న అక్షరాలను ఎవరు చదువుతారు? మీరు చదవండి. ఇంకో తిరకాసు కూడా ఉంది. హెల్త్ చెకప్ ప్యాకేజీలలో వచ్చే హై సెన్సిటివిటీ సీఆర్‌పీ గుండె జబ్బు ముప్పు అంచనా వేయడానికి చేసేది, దాని పక్కన అచ్చయ్యే పరిమితులు వేరు. మీకు కావలసింది మామూలు సీఆర్‌పీ.

రక్తంలో తెల్ల కణాల మొత్తం లెక్క మామూలుగా ఉంది కాబట్టి ఇన్ఫెక్షన్ లేదని ఎవరైనా అంటే తల ఊపకండి. కృత్రిమ కీలు నెమ్మదిగా చెడిపోయే సందర్భాలలో ఆ లెక్క చాలాసార్లు మామూలుగానే ఉంటుంది.

పెరిగిన సీఆర్‌పీ అంతా మోకాలిదే కాదు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది. స్థూలకాయంతో పెరుగుతుంది, మూత్ర ఇన్ఫెక్షన్‌తో పెరుగుతుంది. మన దగ్గర వానాకాలంలో చికున్‌గున్యా ఉండనే ఉంది. అది అన్ని కీళ్లనూ పట్టి పీడిస్తుంది, మార్చిన కీలును కూడా వదలదు. ఒక్క మార్చిన మోకాలే నొప్పి పెడుతోందా, రెండు చేతుల మణికట్లు, చీలమండలు కూడానా అన్న ప్రశ్న అందుకే అడగాలి. ఈఎస్ఆర్ అయితే రక్తహీనతకు, వయసుకు కూడా పెరుగుతుంది. 70 ఏళ్ల స్త్రీకి 35, 40 ఉండడం వింత కాదు.

దీనికి తిరగవైపు ఇంకా ప్రమాదకరం. సీఆర్‌పీ 10 లోపల ఉన్నంత మాత్రాన కీలు శుభ్రంగా ఉందని రాసి ఇవ్వలేం. చర్మం మీద ఉండే మెత్తని క్రిములు, ముఖ్యంగా భుజం కీలులో చేరే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ లాంటివి, రక్తంలో అలజడి లేపకుండానే ఏళ్ల తరబడి ఇంప్లాంట్‌ను వదులు చేస్తాయి. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లలో కూడా సీఆర్‌పీ పెరగాల్సినంత పెరగదు.

డి-డైమర్, ప్రొకాల్సిటోనిన్ గురించి రెండు మాటలు. కరోనా రోజుల్లో ఈ రెండు పేర్లూ మన ఇళ్లలో అందరికీ నోటికి వచ్చాయి. రక్తపు గడ్డ కరిగేటప్పుడు మిగిలే ముక్క డి-డైమర్. అది ఈ ఇన్ఫెక్షన్‌ను బాగా పడుతుందని 2017లో ఒక అధ్యయనం ఆశ పుట్టించింది. తరువాత వచ్చినవి అంత గట్టిగా సమర్థించలేదు. ప్రొకాల్సిటోనిన్ రక్తమంతా విషమయమైనప్పుడు పనికివస్తుంది, ఒక్క కీలులో దాగిన క్రిమికి అది కదలదు. సర్జన్ అడిగితే చేయించండి, మీ అంతట మీరు డబ్బు పోసుకోకండి.

నాలుగో పని: నీరు తీయించడం

రక్తం ఊరి వార్త చెబుతుంది. ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేది కీలు నీరే. సీఆర్‌పీ పెరిగినా, పెరగకపోయినా లక్షణాలు అనుమానంగా ఉంటే నీరు తీయాల్సిందే. చాలా కుటుంబాలు ఇక్కడే వెనకడుగు వేస్తాయి, "సూది పెడితే లేని ఇన్ఫెక్షన్ వస్తుందేమో" అని. శుభ్రమైన గదిలో, చర్మాన్ని సరిగా కడిగి, అనుభవమున్న డాక్టరు తీస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. వీధి చివరి క్లినిక్‌లో తీయించుకోకండి. నీరు తీసి అదే సూదితో స్టెరాయిడ్ వేస్తానంటే అసలు ఒప్పుకోకండి, మార్చిన కీలులోకి స్టెరాయిడ్ వేయకూడదు. ఎర్రగా కమిలిన, పుండు పడిన చర్మం గుండా సూది పోకూడదు. మత్తుమందు చర్మం వరకే వేసి, కీలు లోపలికి పోకుండా చూడాలి, ఎందుకంటే అది క్రిముల ఎదుగుదలను అడ్డుకుంటుంది.

నీరు ఏ గొట్టంలో పోస్తారన్నది నా వృత్తి బాధ, కాస్త వినండి. కణాల లెక్కకు ఊదా రంగు మూత గొట్టం కావాలి. అందులో గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది. ఎర్ర మూత గొట్టంలో పోసి పంపితే, చెడిన కీలు నీరు దారిలోనే జున్నులా గడ్డకడుతుంది. కణాలన్నీ ఆ గడ్డలో చిక్కుకుపోతాయి, పైన మిగిలిన నీటిలో లెక్క పెడితే వెయ్యి కూడా రావు. రిపోర్టులో "మామూలే" అని పడుతుంది. అలాంటి గొట్టాలు నాకు ఇప్పటికీ వస్తుంటాయి. లెక్క పెట్టేటప్పుడు కూడా, రక్తానికి వాడే అలవాటులో ఎసిటిక్ యాసిడ్ కలిపిన ద్రావణంతో పలచన చేస్తే నీటిలోని జిగురు ముద్దకడుతుంది. సెలైన్‌తోనే చేయాలి. మీరు ల్యాబులోకి వచ్చి ఇవన్నీ చూడలేరు. "గొట్టం ఊదా మూతదేనా, గంట రెండు గంటల్లో ల్యాబుకు చేరుతుందా" అని మాత్రం అడగవచ్చు.

కల్చర్‌కు పోయాల్సింది బ్లడ్ కల్చర్ సీసాల్లో. గాలి కావలసిన క్రిములకు ఒకటి, గాలి పడనివాటికి ఒకటి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. నీరు కొద్దిగానే వస్తే కల్చర్‌కు, కణాల లెక్కకు ముందు పోసి, మిగిలితే మిగతావాటికి. అసలు రాకపోతే కొందరు సెలైన్ ఎక్కించి వెనక్కి లాగుతారు. అలా వచ్చినది కణాల లెక్కకు పనికిరాదు, పలచబడిపోయి ఉంటుంది.

కంటితో చూసినా కొంత తెలుస్తుంది. మంచి కీలు నీరు లేత గడ్డి రంగులో, తేనె తీగలా సాగుతుంది. గొట్టం వెనక వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదవగలం. మా పెద్దమ్మ గొట్టం వెనక నేను పేపరు పెట్టి చూశాను. నల్లగా అలికినట్టు ఉందే తప్ప అక్షరం కనిపించలేదు. ఇది రుజువు కాదు, గౌట్‌లోనూ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరే వాతం) అలా ఉండవచ్చు.

ఐదో పని: నీటి రిపోర్టు చదవడం

ముందు కణాల లెక్క. సొంత మోకాలిలో చీము పట్టినప్పుడు తెల్ల కణాలు మైక్రోలీటరుకు 50,000 దాటుతాయని డాక్టర్లందరూ చదువుకున్నదే. ఆ అలవాటుతో మార్చిన మోకాలిలో 5,000 చూసి "పెద్దగా లేవు" అనేస్తారు. మార్చిన కీలులో హద్దు 3,000. ఆపరేషన్ జరిగిన తొలి వారాలలో 10,000. రిపోర్టు కింద ల్యాబు అచ్చువేసే మామూలు పరిమితి సొంత కీలుకు సంబంధించినది, దాన్ని పట్టించుకోకండి.

తరువాత ఆ కణాలలో న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే రకం తెల్ల కణాలు) ఎంత శాతమో చూడండి. కొన్ని రిపోర్టులలో పాలీమార్ఫ్స్ అని ఉంటుంది, రెండూ ఒకటే. 80 శాతం దాటితే గట్టి అనుమానం. తొలి వారాలలో 90.

మూడోది నాకు ఇష్టమైన పరీక్ష, మూత్ర పరీక్షకు వాడే చవకైన కాగితపు పట్టీ. అందులోని ఒక గడి ల్యూకోసైట్ ఎస్టరేజ్ అనే ఎంజైమును పడుతుంది. తెల్ల కణాలు వదిలే ఎంజైము అది. ఒక చుక్క నీరు వేసి రెండు నిమిషాలు ఆగితే గడి ఊదారంగుకు తిరుగుతుంది. రెండు ప్లస్‌లు వస్తే కణాల లెక్క 3,000 దాటినంత విలువ. ఒక చిక్కుంది. నీటిలో రక్తం కలిస్తే రంగు తెలియదు. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పై తేటను వేయాలి. ఖరీదైన కిట్లు దొరకని ఊళ్లో కూడా ఈ పట్టీ దొరుకుతుంది, అయినా దీన్ని వాడేవాళ్లు తక్కువ. చవకదానికి విలువ ఇవ్వకపోవడం మనకు అలవాటే.

నాలుగోది ఆల్ఫా డిఫెన్సిన్. క్రిమిని చంపడానికి న్యూట్రోఫిల్స్ విడుదల చేసే చిన్న ప్రొటీన్ ఇది. పది నిమిషాల్లో గీత చూపే కిట్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2019లో అనుమతి ఇచ్చింది. మంచి పరీక్షే, కానీ ఖరీదు ఎక్కువ, మన దగ్గర అన్ని ల్యాబులలో దొరకదు. పై రెండు అంకెలు స్పష్టంగా ఒకవైపు చూపుతుంటే దీని అవసరం పెద్దగా ఉండదు. అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగినప్పుడే దీని మీద ఖర్చు పెట్టడం సబబు.

వీటన్నిటినీ మోసం చేసేవి ఉన్నాయి. గౌట్ ఉంటే, రుమటాయిడ్ ఉధృతంగా ఉంటే, కీలులో రక్తం గడ్డకట్టి ఉంటే కణాలూ పెరుగుతాయి, ఆల్ఫా డిఫెన్సిన్ కూడా పాజిటివ్ రావచ్చు. అందుకే గౌట్‌ను పట్టే స్ఫటికాల పరీక్ష కూడా అడగండి. లోహం మీద లోహం రాసుకునే తుంటి కీళ్లు ఒకప్పుడు అమర్చేవారు, అలాంటి ఒక రకాన్ని 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచారు. అవి ఉన్నవాళ్లలో లోహపు పొడి రాలి, యంత్రం ఆ ముక్కలను కూడా కణాలుగా లెక్కపెడుతుంది. వాళ్ల నీటిని మైక్రోస్కోప్ కింద మనిషే లెక్కపెట్టాలి.

ఆరో పని: మార్కులు వేయడం

ఇన్ని అంకెలను ఒక దారిలో పెట్టడానికి మస్కులోస్కెలెటల్ ఇన్ఫెక్షన్ సొసైటీ 2011లో ఒక నిర్వచనం ఇచ్చింది. 2018లో జావాద్ పర్వీజీ బృందం దాన్ని మార్కుల పట్టికగా మార్చింది. పరీక్ష పేపరు దిద్దినంత సులువు. సీఆర్‌పీ గానీ డి-డైమర్ గానీ పెరిగితే 2. ఈఎస్ఆర్ పెరిగితే 1. నీటిలో కణాలు హద్దు దాటినా, పట్టీ మీద రెండు ప్లస్‌లు వచ్చినా 3, రెండూ వచ్చినా 3 మాత్రమే. ఆల్ఫా డిఫెన్సిన్ పాజిటివ్ అయితే 3. న్యూట్రోఫిల్స్ 80 శాతం దాటితే 2. కీలు నీటిలోనే సీఆర్‌పీ లీటరుకు 6.9 మిల్లీగ్రాములు దాటితే 1. మొత్తం 6 వచ్చినా దాటినా ఇన్ఫెక్షన్ ఉన్నట్టు. 0 లేదా 1 వస్తే లేనట్టు. 2 నుంచి 5 దాకా తేలనట్టు.

మా పెద్దమ్మ లెక్క చూడండి. బిళ్లలు ఆపిన మూడో రోజున మొదటిసారి తీశారు. తొందరపడ్డారు, నేను కూడా వద్దని గట్టిగా చెప్పలేకపోయాను. సీఆర్‌పీ 14, అంటే 2 మార్కులు. ఈఎస్ఆర్ 46, ఇంకొకటి. నీటిలో కణాలు 2,100, న్యూట్రోఫిల్స్ 74 శాతం, రెండింటికీ సున్నా. మొత్తం 3. తేలలేదు. కల్చర్ ఖాళీ. వెనక పెట్టిన పేపరు అక్షరాలు కనిపించని నీరు, కాగితం మీద మాత్రం నిర్దోషి.

సర్జన్ మందులేవీ ఇవ్వకుండా ఇంకో రెండు వారాలు ఆపారు. ఆ రెండు వారాలూ ఇంట్లో అందరికీ నరకమే. నొప్పితో ఆమె, "నొప్పి పెడుతుంటే మందు ఇవ్వని డాక్టరు ఎవరైనా ఉంటారా" అని చుట్టాలు. జ్వరం చూడడానికి పూటకోసారి థర్మామీటరు పెట్టేవాళ్లం. మళ్లీ తీశారు. సీఆర్‌పీ 26, ఈఎస్ఆర్ 58, కణాలు 5,200, న్యూట్రోఫిల్స్ 88 శాతం. 2, 1, 3, 2. ఎనిమిది.

యూరోపియన్ బోన్ అండ్ జాయింట్ ఇన్ఫెక్షన్ సొసైటీ 2021లో ఇంకో పట్టిక ఇచ్చింది. అది మరింత అనుమానపు మనిషి. కణాలు 1,500 దాటినా, న్యూట్రోఫిల్స్ 65 శాతం దాటినా, దానికి తోడు రక్తంలో సీఆర్‌పీ 10 దాటడమో, ఐదేళ్ల లోపే ఇంప్లాంట్ వదులు కావడమో, పుండు మానడంలో గతంలో ఇబ్బందో ఉంటే "ఉండే అవకాశం ఉంది" అంటుంది. దాని ప్రకారం చూస్తే పెద్దమ్మ మొదటి నీరు కూడా అనుమానితురాలే. నన్నడిగితే, 2018 పట్టికలో తేలలేదని వచ్చినప్పుడు యూరప్ పట్టికను కూడా తీసి చూడమంటాను. ఒకటి వదిలేసినదాన్ని ఇంకొకటి పట్టుకుంటుంది. మీ సర్జన్‌ను "ఏ పట్టిక ప్రకారం చూస్తున్నారు?" అని అడగడంలో తప్పు లేదు.

రెండు విడతల ఆపరేషన్లో పాత ఇంప్లాంట్ తీసేసి, కొన్నాళ్ల తరువాత కొత్తది పెట్టేముందు కూడా సీఆర్‌పీ చేయిస్తారు. అక్కడ ఈ అంకెలు అంత నమ్మకంగా పనిచేయవు. మామూలుకు దిగినంత మాత్రాన క్రిమి పోయినట్టు కాదు, కాస్త ఎక్కువ ఉన్నంత మాత్రాన ఉన్నట్టూ కాదు.

ఏడో పని: కల్చర్ కోసం ఓపిక పట్టడం

బయోమార్కర్లు ఇన్ఫెక్షన్ ఉందని చెబుతాయి, ఏ క్రిమి అన్నది చెప్పలేవు. ఏ మందు వాడాలో తేలాలంటే కల్చర్ కావాలి. మామూలుగా ల్యాబులు 5 రోజులకే "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు ఇచ్చి సీసా పారేస్తాయి. నెమ్మదిగా పెరిగే క్రిముల కోసం 14 రోజులు ఉంచమని కోరే కాగితం మీదే రాయించండి. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నా, రోగికి గతంలో వచ్చినా ఆ మాట కూడా చెప్పండి. క్షయ కల్చర్ వేరుగా పెట్టాలి, అది కొన్ని వారాలు తీసుకుంటుంది. మామూలు కల్చర్ ఎన్నిసార్లు పెట్టినా అది దొరకదు.

ఒక్క సీసాలో ఒక్కసారి మొలిచినదాన్ని నమ్మడానికి లేదు, ముఖ్యంగా అది చర్మం మీద ఉండే క్రిమి అయితే. సూదితో పాటు లోపలికి వచ్చి ఉండవచ్చు. ఒకే క్రిమి రెండు వేర్వేరు నమూనాలలో మొలిస్తే మాత్రం మార్కులతో పనిలేదు, అదే రుజువు. అందుకే ఆపరేషన్ బల్ల మీద సర్జన్ ఇంప్లాంట్ చుట్టూ వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు పరికరాలతో ఐదు ముక్కల దాకా తీసి, ఐదు డబ్బాలలో వేస్తారు. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే ఐదూ ఒక్కటే అవుతాయి. ఆపరేషన్‌కు ముందు మీరు అడగాల్సిన చివరి ప్రశ్న ఇదే: ఎన్ని ముక్కలు, ఎన్ని డబ్బాలు, ఎవరు తీసుకెళ్తారు?

పెద్దమ్మ రెండో నీటి సీసా మూడో రోజు తెల్లవారుజామున యంత్రంలో మోగింది, అంటే లోపల క్రిమి మొలిచిందన్నమాట. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్, చర్మం మీద ప్రతి ఒక్కరికీ ఉండేది. అది నిజంగా లోపలిదా, సూది వెంట వచ్చిందా అని సర్జన్, నేను ఇద్దరం సందేహించాం. మార్కులు ఎనిమిది ఉన్నాయి కాబట్టి ఆపరేషన్‌కు వెళ్లాం. ఐదు డబ్బాలనూ నేనే మోసుకెళ్లాను. నాలుగింట్లో అదే మొలిచింది, ఏ మందుకు లొంగుతుంది, ఏ మందుకు లొంగదు అన్న జాబితా కూడా ఆ సీసాలో క్రిమితో ఒక్క గడి తేడా లేకుండా సరిపోయింది. లొంగని మందుల వరుసలో మొదటిది, మందుల షాపు అబ్బాయి ఇచ్చిన ఐదు రోజుల బిళ్ల.